అపార్ట్‌మెంట్ నడపడం నేర్చుకుందాం – 4వ పాఠం: ఖాళీ ఫ్లాట్ చూపించడం

పోయిన పాఠంలో మెయింటెనెన్స్ లెక్కలు నోటీసు బోర్డు మీద ఎలా పెట్టాలో చూశాం. చిల్లర ఖర్చుల బిల్లులు ఒక ఫైల్లో దాచడం మొదలుపెట్టారనే అనుకుంటున్నాను. ఈసారి పని వేరు. మూడో అంతస్తులో ఒక ఫ్లాట్ ఖాళీ అయింది. ఓనరు ఊళ్లో లేరు. "మీరే మంచివాళ్లను చూసి ఇచ్చేయండి సార్" అని ఫోన్ చేసి సెక్రటరీ నెత్తిన పెట్టారు.

గేటుకు టు-లెట్ బోర్డు కట్టించడం రెండు నిమిషాల పని. అది చూసి ఫోన్ చేసేవాళ్లతో ఎలా మాట్లాడతామన్న దగ్గరే తేడా వస్తుంది. మామూలుగా మనం ఎత్తుకోవడమే ఇలా ఎత్తుకుంటాం: "ఎంతమంది ఉంటారు? ఫ్యామిలీయా, బ్యాచిలర్సా? వెజ్జా, నాన్‌వెజ్జా?" పెళ్లిచూపుల్లో కూడా ఇన్ని అడగరు. పాపం, అవతలి మనిషి ఇంకా ఇల్లు చూడనే లేదు. ముందు ఇంటి గురించి చెప్పండి: ఏ ముఖం, ఎన్నో అంతస్తు, అద్దె ఎంత, మెయింటెనెన్స్ ఎంత, కారు పార్కింగ్ ఉందా. ఓనరు షరతులు ఏమైనా ఉంటే ఆ తర్వాత.

ఇక నీళ్ల సంగతి. ఇక్కడ కాసేపు ఆగుదాం.

హైదరాబాదులో ఇళ్లు ఎక్కువగా మారేది ఏప్రిల్, మే నెలల్లో. పిల్లల పరీక్షలు అయిపోవాలి, జూన్‌లో బడులు తెరిచేలోపు కుదురుకోవాలి, ఆషాఢం రాకముందే పాలు పొంగించుకోవాలి. బోర్లు ఎండేదీ సరిగ్గా అప్పుడే.

నేను చేసిన తప్పు చెబుతాను. మియాపూర్ వైపు ముప్పై ఫ్లాట్ల అపార్ట్‌మెంటుకు సెక్రటరీ అయిన మొదటి ఏడాది. ఏప్రిల్ మొదటి వారంలో భార్యాభర్తలిద్దరు ఇల్లు చూడ్డానికి వచ్చారు. ఆయన హాలు, బాల్కనీ చూస్తుంటే ఆవిడ నేరుగా వంటగదిలోకి వెళ్లి కుళాయి తిప్పారు. సన్నటి ధార.

"నీళ్లకు ఇబ్బందా అండీ?"

"అబ్బే, ఇవాళ ట్యాంకు కడుగుతున్నారమ్మా" అన్నాను. నోటికి అలా వచ్చేసింది.

మే రెండో వారానికి బోరులో గాలి తప్ప ఏమీ రాలేదు. మెట్ల మీద ఎదురైతే ఆవిడ కోప్పడలేదు. "ఇంకా ట్యాంకు కడుగుతూనే ఉన్నారా అండీ?" అన్నారంతే. దసరాకల్లా ఖాళీ చేసి వెళ్లిపోయారు.

అప్పటి నుంచి లెక్కే చెబుతున్నాను. నగరాల్లో నీటి సరఫరాకు మనిషికి రోజుకు 135 లీటర్లు అని ఒక కొలత వాడతారు. ఫ్లాటుకు నలుగురు చొప్పున ముప్పై ఫ్లాట్లలో 120 మంది. రోజుకు 16,200 లీటర్లు. బోరు పూర్తిగా చేతులెత్తేసిన రోజు 5,000 లీటర్ల ట్యాంకర్లు మూడు వచ్చినా ఇంకా 1,200 లీటర్లు తక్కువే. మంజీరా నీళ్లు, అంటే నగరం కుళాయి నీళ్లు, వచ్చిన రోజు ఈ భారం ఎంత తగ్గుతుందో సంపు కొలిస్తే తెలుస్తుంది. సంపు పొడవు, వెడల్పు, అందులో నీటి ఎత్తు అడుగుల్లో కొలిచి మూడింటినీ గుణించండి. వచ్చినదాన్ని 28.3తో గుణిస్తే లీటర్లు. 10 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పున్న సంపులో 5 అడుగుల నీళ్లుంటే 11,320 లీటర్లు.

ఈ అంకెలు చేతిలో ఉంటే మాట తడబడదు. నేను చెప్పేది ఇంతే: "వానాకాలం నుంచి ఫిబ్రవరి దాకా బోరు, మంజీరా సరిపోతాయమ్మా. మార్చి నుంచి ట్యాంకర్లు తెప్పిస్తాం. పోయిన మేలో మెయింటెనెన్స్ కాక ఫ్లాటుకు 900 పడింది. బిల్లులున్నాయి, చూడండి." విని వెళ్లిపోయేవాళ్లు ఉంటారు, వెళ్లనివ్వండి. హైదరాబాదులో ఇంటికి నెలకు 20 వేల లీటర్ల దాకా నీళ్లు ఉచితమన్న పథకాన్ని కొందరు ఇల్లు చూపించేటప్పుడు గొప్పగా వాడుకుంటారు. బిల్లు రాదని చెప్పడం వేరు, కుళాయిలో నీళ్లు వస్తాయని చెప్పడం వేరు.

సగంసార్లు ఇల్లు చూపించేది మనం కాదు. వాచ్‌మన్, లేదా ఆయన భార్య. తాళాలు చేతికిచ్చి పంపేస్తే సరిపోదు. ముందు రోజే ఊడిపించండి, వంటగదిలో బల్బు పెట్టించండి, దేవుడి గూట్లో పాతవాళ్లు వదిలేసిన నూనె జిడ్డు తుడిపించండి. నీళ్ల గురించి మీరు చెప్పేదే ఆయనా చెప్పాలి. ఇల్లు కుదిరాక ఓనరుతో ఆయనకు ఎంతో కొంత ఇప్పించండి. బ్రోకరుకు అడిగినంతా ఇచ్చేవాళ్లు వాచ్‌మన్ దగ్గరికి వచ్చేసరికి చిల్లర వెతుక్కుంటారెందుకో!

పాలు పొంగించే ముహూర్తం తెల్లవారుజామున పెట్టుకుంటే ముందు రాత్రే మోటారు వేయించి పైన ట్యాంకు నింపించండి. రాత్రిళ్లు లిఫ్టు ఆపేసే అలవాటుంటే ఆ ఒక్క పూట ఆపొద్దని చెప్పండి. గ్యాస్ సిలిండరు భుజాన పెట్టుకుని మూడంతస్తులు ఎక్కిన మనిషి మిమ్మల్ని ఏడాది పొడుగునా గుర్తుపెట్టుకుంటాడు, మంచిగా మాత్రం కాదు. ఎదురింటి వాళ్ల చెవిన కూడా ఒక మాట వేయండి. తలుపు తీసి పలకరిస్తే కొత్తవాళ్ల పరమాన్నం గిన్నె ముందు అటే వెళ్తుంది. వాట్సాప్ గ్రూపులో పెట్టే పువ్వుల వెల్‌కమ్ బొమ్మ ఆ గిన్నె ముందు ఏపాటి?

ఈ వారం ఇంటిపని: సంపు కొలవండి. పోయిన మే ట్యాంకర్ బిల్లులు తీసి ఫ్లాటుకు ఎంత పడిందో లెక్కకట్టండి. తర్వాత, మీ అపార్ట్‌మెంటులోకి అందరికంటే ఆఖరున వచ్చిన కుటుంబం దగ్గరికి వెళ్లి, దిగేముందు మీరు విన్నదేంటి, దిగాక చూసిందేంటి అని అడగండి. వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. మధ్యలో సర్దిచెప్పబోకండి, ఎంత నోరు దురద పెట్టినా సరే.

వచ్చే పాఠం: మూడు నెలలుగా మెయింటెనెన్స్ కట్టని ఫ్లాటు తలుపు ఎలా తట్టాలి?