విల్లు వేట సీజన్‌కు ముందు జింకల జాడ తీయడం ఎలా?

విల్లుతో వేటాడాలంటే జింక 20, 25 గజాల దూరంలోకి రావాలి. అది పొలంలో ఎక్కడో కనబడితే సరిపోదు, ఏ చెట్టు పక్కగా నడుస్తుందో తెలియాలి. ఇక్కడ చెప్పేది అమెరికాలోని వైట్‌టెయిల్ జింక గురించి. అక్కడ చాలా రాష్ట్రాల్లో విల్లు సీజన్ సెప్టెంబర్ చివర్లోనో అక్టోబర్ మొదట్లోనో మొదలవుతుంది. (భారత్‌లో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకల వేట నేరం. నల్లమలలో ఈ పద్ధతులు ప్రయత్నించకండి.)

1. జూలైలో మ్యాప్ చూడండి. మేత పొలాలు, జింకలు పగలు పడుకునే దట్టమైన పొదలు గుర్తించండి. ఆ రెంటి మధ్య దారి ఇరుకయ్యే చోట్లు ముఖ్యం: రెండు పొలాల నడుమ సన్నటి చెట్ల వరస, వాగు దాటే రేవు, రెండు గుట్టల మధ్య పల్లం.

2. ఆగస్టులో దూరం నుంచే చూడండి. పొద్దుగుంకే ముందు గంటన్నర సేపు, ఎదురుగాలిలో, 10x42 (పది రెట్లు దగ్గరగా చూపే) బైనాక్యులర్‌తో. మగజింకలు గుంపుగా సోయాబీన్ చేలలోకి వస్తాయి. చాలామంది ఇక్కడే మోసపోతారు. సెప్టెంబర్ మొదట్లో కొమ్ముల మీది నూగుచర్మం రాలిపోతుంది, గుంపు చెదిరిపోతుంది. సోయా ఆకు పండుబారేసరికి జింకలు చేను వదిలి ఓక్ కాయల కోసం అడవిలోకి మళ్లుతాయి. రెడ్ ఓక్ కన్నా వైట్ ఓక్ కాయకు వగరు తక్కువ, అందుకే దాన్నే ముందు తింటాయి. వైట్ ఓక్ ఆకు అంచులు గుండ్రంగా ఉంటాయి, రెడ్ ఓక్‌వి మొనదేలి ఉంటాయి. అన్ని చెట్లూ ఏటా కాయవు కాబట్టి బైనాక్యులర్‌తో కొమ్మలు వెతికి, కాపున్న చెట్టును ఇప్పుడే గుర్తుపెట్టుకోండి.

3. లోపలికి ఒక్కసారే నడవండి, అదీ మధ్యాహ్నం. రబ్బరు బూట్లు వేసుకోండి. పిడుదుల బెడద ఉంటుంది కనుక బట్టలకు ముందే 0.5 శాతం పర్మెత్రిన్ అనే పురుగుమందు కొట్టి ఆరనివ్వండి, ఒంటికి రాయొద్దు. తాజా పెంటికలు నల్లగా మెరుస్తాయి. గిట్ట గుర్తు పెద్దదైనంత మాత్రాన మగదేనని తేల్చేయకండి. లేత చెట్ల బెరడు కొమ్ములతో ఒలిచి ఉంటే మాత్రం అది మగజింక పనే. ఒలిచిన వైపును బట్టి ఎటునుంచి వచ్చిందో తరచు చెప్పొచ్చు. పడకల దాకా వెళ్లొద్దు. అక్కడ మీ వాసన తగిలితే పెద్ద మగజింక పగటి నడక మానేస్తుంది.

4. ట్రెయిల్ కెమెరాను (ఎదుట ఏదైనా కదలగానే తనంతట తానే ఫొటో తీసేది) మూడడుగుల ఎత్తున, ఉత్తరం వైపు తిప్పి, బాటకు ఏటవాలుగా కట్టండి. బాటకు అడ్డంగా పెడితే జింక తోక మాత్రమే పడుతుంది. ముందున్న గడ్డి తీసేయండి, లేకపోతే గాలికి ఊగే గడ్డి ఫొటోలతోనే కార్డు నిండిపోతుంది. అరిజోనాలో 2022 నుంచి వేటకు ఈ కెమెరాలు నిషిద్ధం. మీ రాష్ట్ర నిబంధనలు చూసుకోండి.

5. మాటుకు చెట్టు ఎంచుకునేటప్పుడు గాలి చూడండి. పొద్దున ఎండ పడ్డాక వాలు మీది గాలి పైకి లేస్తుంది, సాయంత్రం చల్లబడ్డాక కిందికి జారుతుంది. అందుకే సాయంత్రం గుట్ట మీద కూర్చుంటే మీ వాసన నేరుగా లోయలో మేసే జింకకు చేరుతుంది. చెట్టు మీద కూర్చునే స్టాండ్‌ను 15 నుంచి 20 అడుగుల ఎత్తున, సీజన్‌కు రెండు మూడు వారాల ముందే బిగించండి. నేల వదిలిన క్షణం నుంచి హార్నెస్ (కింద పడకుండా ఒంటిని చెట్టుకు కట్టి ఉంచే పట్టీలు) ఉండాల్సిందే. బాణం దారికి అడ్డొచ్చే కొమ్మలు అప్పుడే తీసేయండి. ప్రభుత్వ అడవిలో చాలాచోట్ల పచ్చికొమ్మ నరకనివ్వరు. రేంజ్‌ఫైండర్‌తో చుట్టూ ఉన్న నాలుగైదు చెట్ల దూరం కొలిచి రాసుకోండి.

ఉత్తరపు గాలికి ఒక చెట్టు, దక్షిణపు గాలికి మరొకటి సిద్ధం చేసుకోండి. రెంటికీ పడకల పక్కనుంచి కాకుండా వెళ్లే దారి చూసుకోండి. సీజన్ మొదటి రోజు గాలి రెండింటిలో దేనికీ అనుకూలించకపోతే అడవిలోకి వెళ్లకండి.