మంద కుక్క వంశం రాసిపెట్టుకునేది ఎట్లా

అమెరికాలో ట్రీయింగ్ వాకర్ అనే వేటకుక్కల జాతికి వాటిని పెంచిన వాకర్ పేరే నిలిచిపోయింది. ఆ రక్తంలో కలిసిన 'టెనెస్సీ లీడ్' అనే కుక్క మాత్రం దొంగసొత్తు. దాన్ని పుట్టించి సాకినవాళ్లెవరో నేటికీ తెలీదు. కళ్యాణదుర్గం, రాయదుర్గం దిక్కు గొర్రెల మందల కుక్కలదీ ఇదే కథ. ఫలానావాళ్ల కుక్క అంటారు గానీ, ఆ ఫలానావాళ్లు కొనుక్కున్నవాళ్లే అయ్యుంటారు.

నోటుబుక్కులో ఈతకొక (కుక్క ఈనిన ప్రతిసారికీ ఒక) పేజీ పెట్టండి. ముందు తల్లి, అది ఈనిన ఇల్లు, ఊరు రాయండి.

చిక్కంతా తండ్రి దగ్గరే. ఎద రెండు మూడు వారాలుంటుంది. ఆ రోజుల్లో రెండు మగకుక్కలు కలిస్తే ఒకే ఈతలో ఇద్దరు తండ్రుల పిల్లలు పుట్టొచ్చు. అందుకే రక్తం కనబడిన రోజు నుంచి ఆడకుక్కను గదిలో పెట్టి తలుపెయ్యాలి, ముళ్లకంచె చాలదు. కలిసిన తేదీ రాయండి. సుమారు 63 రోజులకు ఈనాలి. పది పన్నెండు రోజులు తేడా వస్తే ఆ తండ్రిని నమ్మొద్దు.

పిల్లలకు రంగొక్కటే రాస్తే నాలుగు నల్లవాటిలో ఏది ఏదో తేలదు. ఛాతీమీది తెల్లమచ్చ, తోక కొస, తెల్లగా ఉన్న వేళ్లు బొమ్మ గీసిపెట్టండి. 8 వారాలు నిండాకే ఇవ్వండి, తీసుకున్నవాళ్ల ఊరూ రాయండి.

పాత సంగతులకు "ఏ జాతి?" అని అడిగితే గొప్పలే వస్తాయి. "దీని తల్లి ఎవరి మంద ఎంబడి తిరిగేది?" అనండి. ఇంట్లో ఆడవాళ్లనూ అడగండి. సంగటి పెట్టి పిల్లల్ని బతికించింది వాళ్లే, పేర్లు మాత్రం ఎవరూ చెప్పరు.