ప్రోటీన్ మందులు: ఫ్రిజ్ నుంచి చర్మం దాకా

ఇన్సులిన్, ఎర్రకణాలు తయారయ్యేలా చేసే హార్మోన్ ఎరిత్రోపోయిటిన్, కీళ్లవాతానికి వాడే అడాలిముమాబ్ అనే యాంటీబాడీ (రోగనిరోధక ప్రోటీన్)... ఇవన్నీ ప్రోటీన్లే. మింగితే మాంసం, పప్పు అరిగినట్టే అరిగిపోతాయి కాబట్టి ఇంజెక్షన్‌గా తీసుకోవాలి. ఇన్సులిన్‌లో ఉన్నవి 51 అమైనో ఆమ్లాలే. యాంటీబాడీలో వెయ్యికి పైగా ఉంటాయి. ఈ అమైనో ఆమ్లాల గొలుసు సరైన ఆకారంలో ముడుచుకుని ఉన్నంతవరకే అది మందు.

తెరవని మందును ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచండి. తలుపు అరలో వద్దు, తీసి మూసినప్పుడల్లా అక్కడ వేడి మారుతుంది. ఫ్రీజర్ పక్కన అసలే వద్దు. గడ్డకట్టేటప్పుడు నీరు మంచుగా విడిపోయి, ప్రోటీన్ ఒకచోట ఇరుక్కుని ముద్దలు కడుతుంది. కరిగాక చూడటానికి మామూలుగానే ఉండొచ్చు. అయినా పారేయాల్సిందే. ప్రయాణంలో ఐస్ ప్యాక్‌ను మందుకు ఆనించకుండా మధ్యలో గుడ్డ చుట్టండి. వాడుతున్న ఇన్సులిన్ చాలా రకాల్లో 30 డిగ్రీల లోపు 28 రోజులు ఆగుతుంది. రకాన్ని బట్టి గడువు మారుతుంది, పెట్టె మీద చూసి తెరిచిన తేదీ రాసుకోండి.

చల్లటి మందు మంట పుట్టిస్తుంది. యాంటీబాడీ ఇంజెక్షన్ పెన్నును అరగంట ముందే బయట పెట్టండి. వేడినీళ్లలో ముంచొద్దు, మైక్రోవేవ్‌లో పెట్టొద్దు.

ఏ ప్రోటీన్ మందునూ కుదపకండి. నురగ వచ్చిందంటే గాలి తగిలిన చోట ప్రోటీన్ విప్పుకుని ఒకదానికొకటి అంటుకుంటుంది. ముద్దకట్టిన ప్రోటీన్‌ను ఒళ్లు పరాయిదిగా చూసి దానిపై యాంటీబాడీలు తయారుచేయవచ్చు. ఎరిత్రోపోయిటిన్ వాడిన కొందరిలో అవి సొంత హార్మోన్‌నూ అడ్డుకుని, ఎర్రకణాల తయారీనే ఆపేశాయి. అరుదే, కానీ తేలిగ్గా తీసుకునేది కాదు. పాలలా ఉండే ఎన్‌పీహెచ్ ఇన్సులిన్‌ను మాత్రం అరచేతుల మధ్య నెమ్మదిగా కనీసం 10 సార్లు దొర్లించి కలపాలి. తేటగా ఉండాల్సిన గ్లార్జిన్ ఇన్సులిన్ మసకబారితే వాడొద్దు.

ఇన్సులిన్‌కు సిరంజి వాడేవారు బుడ్డి మీద అంకె చూడండి. మిల్లీలీటరుకు 100 యూనిట్ల మందును 40 యూనిట్ల సిరంజితో 20 గీత దాకా తీస్తే, వెళ్లేది 20 కాదు, 50 యూనిట్లు. షుగర్ ప్రాణం మీదకు తెచ్చేంతగా పడిపోతుంది.

ఇన్సులిన్ పెన్ను అయితే కొత్త సూది పెట్టి, ముందు 2 యూనిట్లు గాల్లోకి వదలండి, సూది కొసన చుక్క కనిపించాలి. బొడ్డుకు 5 సెంటీమీటర్లు వదిలి పొట్టపై గుచ్చి, బటన్ పూర్తిగా నొక్కి, 10 లెక్కపెట్టాక తీయండి. ముందే లాగితే మందు చర్మం మీదికి కారుతుంది. ప్రతిసారీ చోటు కనీసం వేలెడు వెడల్పు జరపండి. ఒకేచోట పొడిస్తే కొవ్వు గడ్డలు కడతాయి. నొప్పి ఉండదని అక్కడే పొడుస్తారు, మందు మాత్రం సరిగా ఒంటపట్టదు. గడ్డ వదిలి మంచి చర్మానికి మారేటప్పుడు అదే డోసు ఎక్కువైపోవచ్చు, కాబట్టి ముందు డాక్టరుకు చెప్పి మారండి.