కరెంటు పారే లోహపు దారంతో గుడ్డ మీద ఎల్‌ఈడీ కుట్టే ముందు

సీఆర్2032 బటన్ సెల్ ఒక్కటి చాలు, 3 వోల్టులు ఇస్తుంది. కుట్టడం పూర్తయ్యేదాకా దాన్ని హోల్డర్‌లో పెట్టకండి. చిన్నపిల్లల చేతికి అస్సలు అందనివ్వొద్దు. మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు. అనుమానం వచ్చినా సరే, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఎల్‌ఈడీకి పొడవు కాలు ప్లస్. కాళ్లను చుట్టలుగా వంచాక రెండూ ఒకేలా కనిపిస్తాయి, కాబట్టి ముందే మార్కర్‌తో చుక్క పెట్టుకోండి.

అసలు తలనొప్పి దారంతోనే. వైరుకున్నట్టు దీనికి పైన తొడుగు ఉండదు. ప్లస్ దారం, మైనస్ దారం ఎక్కడ తగిలినా షార్టే. రెండు వరసల మధ్య సెంటీమీటరైనా ఎడం ఉండేలా పెన్సిల్‌తో గీసుకోండి. కుట్టాక గుడ్డ తిప్పి చూడండి. ముడి దగ్గర పిల్లి మీసంలా పొడుచుకొచ్చిన ఒక్క పోగు చాలు, లైటు వెలగదు. నేను అరగంట ఎల్‌ఈడీని తిట్టుకున్నాను, తీరా చూస్తే తప్పు ఆ పోగుది! కొసలు పొట్టిగా కత్తిరించి, ముడి మీద రంగులేని నెయిల్ పాలిష్ చుక్క వేయండి.

హోల్డర్ రంధ్రాల్లో మూడు నాలుగు కుట్లు, బిగుతుగా.

సెల్ వేడెక్కితే వెంటనే తీసేయండి. ఉతికే ముందు కూడా.