పెద్దింటి మీదికి ప్రైవేటు డిటెక్టివ్: సీమ నేపథ్యంలో నవల రాసేవాళ్లకు

వందల ఎకరాల బీడు, వేలల్లో జీవాలు (గొర్రెలు, మేకలు) ఉన్న కుటుంబం. సగం ఊరు వాళ్లకు బాకీ. ఆ ఇంటి గుట్టు విప్పడానికి అనంతపురం నుంచి కళ్యాణదుర్గం వైపు వచ్చిన డిటెక్టివ్. నవలకు ఇంత చాలు. సుమోలూ బాంబులూ సినిమాలకు వదిలేయండి.

మీ డిటెక్టివ్‌కు ఏ అధికారమూ లేదన్నది ముందు గుర్తుపెట్టుకోండి. ఈ వృత్తి కోసం 2007లో రాజ్యసభలో పెట్టిన బిల్లు చట్టం కాలేదు. అరెస్టు చేయలేడు, సోదా చేయలేడు, కాల్ రికార్డులు దొంగదారిన తెప్పించుకుంటే కేసు తన మీదే పడుతుంది. అడిగిందల్లా అందించే పోలీసు స్నేహితుణ్ణి పెట్టారా, కథ అక్కడే చచ్చిపోయినట్టు.

హత్యకు కారణం డీపట్టా భూమిలో పెట్టండి. పేదలకు ప్రభుత్వమిచ్చిన ఆ భూముల అమ్మకాన్ని, కొనుగోలును 1977 చట్టం నిషేధించింది. అందుకే కొనేవాడు తెల్లకాగితం మీద రాయించుకుంటాడు. ఈసీ (భూమి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రం) తీయగానే బండారం బయటపడినట్టు రాస్తే తప్పు, రిజిస్టరు కాని లావాదేవీ ఈసీకి ఎక్కదు. అడంగల్ చూపించండి, అంటే ఏ భూమి ఎవరిది, ఎవరు సాగు చేస్తున్నారో ఏటా రాసే రెవెన్యూ రికార్డు. పట్టాదారు గడిలో చనిపోయిన కూలీ పేరు, అనుభవదారు గడిలో పెద్దాయన బావమరిది పేరు. ఏడాదికేడాది వెనక్కి పోతే ఆ రెండో పేరు ఎప్పుడు ఎక్కిందో దొరుకుతుంది. పాత నకళ్లకు సమాచార హక్కు దరఖాస్తు పెడితే 30 రోజుల గడువు. పెట్టిన సాయంత్రానికే సంగతి పెద్దింటికి చేరాలి. మరునాటి నుంచి వీఆర్వో ఎప్పుడు పోయినా ‘ఫీల్డుకు పోయినాడు’, హోటల్లో భోజనం ‘అయిపాయె’. బెదిరింపు కన్నా ఇది బాగా పనిచేస్తుంది.

కథాకాలం కూడా తేల్చుకోండి. 2023 సవరణతో 20 ఏళ్లు దాటిన డీపట్టాలను అసలు లబ్ధిదారులు అమ్ముకునే వీలొచ్చింది. అంటే అంతవరకూ ఎవరికీ పట్టని కూలీ సంతకానికి ఒక్కసారిగా ధర పలికింది. హత్యకు ఇంతకన్నా మంచి ముహూర్తం దొరకదు. 2024 జూలై 1 తర్వాతైతే ఎఫ్ఐఆర్ పాత సీఆర్పీసీ సెక్షన్ 154 కింద కాదు, దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 173 కింద. హిందూపురం, పుట్టపర్తి 2022 ఏప్రిల్ నుంచి అనంతపురం జిల్లాలో లేవు.

సాక్షిగా ఎరువు కోసం చేలల్లో రాత్రిళ్లు మంద తోలే కాపరిని పెట్టండి. మనుషుల గురించి అడిగితే నోరు మెదపడు. జీవాల గురించి అడగాలి.

“ఆ రాత్రి మంద యాడ తోలింటివి తాతా?”

“వంక పక్క చేన్లోనప్పా.”

“జీవాలు బాగుండ్యా?”

“యాడ బాగుండ్య! నడిజాము కాడ బండి లైటు పడి అన్నీ చెదిరిపాయ. పిల్లొకటి వంకలో పడి కాలిరిగె.”

మనిషి పేరెత్తకుండానే వేళ, దారి, బండి మూడూ చెప్పేశాడు. మంద ఎన్ని రాత్రులు పడుకుంటే అంత కూలి గనక తేదీ చేను రైతు లెక్కలో ఉంటుంది.

ఇది చాలదు. పోలీసుల ముందు చెప్పింది కోర్టులో మారిపోవచ్చు. మెజిస్ట్రేటు ముందు వాంగ్మూలం కావాలి, పాత సెక్షన్ 164, ఇప్పుడు 183. డిటెక్టివ్ సాక్షిని నేరుగా తీసుకుపోతే కుదరదు, దర్యాప్తు అధికారి కోరాలి. ఎండలు ముదిరితే తాత మేత కోసం మందను తుంగభద్ర కాలువల వైపు తోలుకుపోతాడు. చివరి నలభై పేజీలకు ఆ గడువు పెట్టండి.