గండం గడిచాక చెప్పవలసిన హగోమెల్ స్తోత్రం

ప్రాణాపాయం తప్పినప్పుడు దేవునికి మనసులోనే దండం పెట్టుకొని ఊరుకుంటే యూదు ధర్మం ప్రకారం సరిపోదు. ఆ కృతజ్ఞతను ‘బిర్కత్ హగోమెల్’ అనే స్తోత్రంగా పదిమంది ఎదుట పైకి పలకాలి.

ఎవరు చెప్పాలో బైబిల్లోని 107వ కీర్తన ఆధారంగా, యూదుల ధర్మచర్చల సంకలనమైన తల్ముద్‌లోని బెరాఖోత్ గ్రంథం చెబుతుంది: సముద్రం దాటి వచ్చినవారు, ఎడారి దాటినవారు, జబ్బు నుంచి కోలుకున్నవారు, చెర నుంచి విడుదలైనవారు. పెద్ద ప్రమాదం నుంచి బయటపడినవారూ చెప్పడం ఆచారంగా ఉంది. ఎంతటి జబ్బుకు, ఎంత ప్రయాణానికి చెప్పాలన్న విషయంలో మాత్రం అష్కెనాజీ (మధ్య, తూర్పు ఐరోపా మూలాల యూదుల), సెఫార్దీ (స్పెయిన్, పోర్చుగల్ మూలాల యూదుల) ఆచారాలు వేరు కాబట్టి మీ రబ్బీని, అంటే మత గురువును, అడిగి తెలుసుకోండి. జబ్బుపడినవారు పూర్తిగా కోలుకొని లేచి తిరిగేదాకా ఆగాలి; గండం ఇంకా గడవకముందే ఈ స్తోత్రం చెప్పకూడదు. ఆపదలో ఉన్నవారికి, తల్ముద్‌కు మూలమైన మిష్నా అనే ధర్మసంకలనం వేరుగా ఒక చిన్న ప్రార్థనను సూచించింది.

కోలుకున్నాక, లేదా క్షేమంగా చేరాక, వీలైతే మూడు రోజుల్లోపు చెప్పడం మంచిది. ఆలస్యమైనంత మాత్రాన మానుకోవద్దు. సోమవారం, గురువారం లేదా సబ్బాతు (శనివారం) ఉదయం యూదుల ప్రార్థనా మందిరమైన సినగోగులో తోరా (మోషే ఐదు గ్రంథాలు) చదివేటప్పుడు మిమ్మల్ని దాని దగ్గరికి పిలిపించుకొని, మీ వంతు ముగిశాక, నిలబడి అందరికీ వినిపించేలా ఇలా చెప్పండి: “బారుఖ్ అత్తా అదోనాయ్, ఎలోహేను మెలెఖ్ హాఓలామ్, హగోమెల్ లెహయావిమ్ తోవోత్, షెగ్మలని కోల్ తోవ్.” విశ్వానికి రాజైన మా దేవా, అపరాధులకు సైతం మేలు చేసే నీవు నాకు సకల మేలూ చేశావు, నీకు స్తుతి అని దీని భావం.

ఇందులో ‘హయావిమ్’ అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగండి. అపరాధులు, బాకీపడినవారు అని దాని అర్థం. నేను మంచివాడిని కనుక బతికాను అనే అవకాశం ఆ మాట ఇవ్వదు. అర్హత లేకపోయినా అందిన మేలుకే ఇక్కడ కృతజ్ఞత. నా దృష్టిలో ఈ స్తోత్రానికి ప్రాణం ఆ మాటే, కనుక దాన్ని తొందరపడి దాటేయకండి.

మీరు ముగించగానే సభలోనివారు ఆమెన్ పలికి, నీకు సకల మేలు చేసినవాడు ఎప్పటికీ నీకు మేలు చేయుగాక, సెలా అని బదులిస్తారు. ఆ దీవెన పూర్తయ్యేవరకు కదలకుండా నిలబడి వినండి.