పరీక్ష వ్యాసం నుండి కథలోకి

చిక్కడపల్లిలో ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు వేసవి సెలవుల్లో కథారచన నేర్పుతున్నప్పుడు నాకు ఎదురైన చిక్కు ఒక్కటే: ఏ అంశం ఇచ్చినా వారు "స్నేహం చాలా గొప్పది" వంటి వాక్యంతో ప్రారంభించి, నీతితో ముగించి, పరీక్షకు వ్యాసం రాసినట్లే రాసేవారు. మార్కులు తెచ్చిపెట్టిన పద్ధతిని ఎవరు మాత్రం వదులుకుంటారు?

అందుచేత అంశాలు ఇవ్వడం మానివేసి, సిటీ బస్సులోనో మోండా మార్కెట్‌లోనో విన్న ఒక సంభాషణను, మాట్లాడినవారి యాస మార్చకుండా రాసుకొని రమ్మన్నాను. ఇంట్లో తెలంగాణ మాట మాట్లాడే పిల్లలే దానిని బడి భాషలోకి దిద్దబోతే ఆపవలసి వచ్చింది. ఆ సంభాషణలో ఎవరికి ఏమి కావాలో, దానికి ఏది అడ్డమో చెప్పమన్నాను. ఆ రెండూ తేలితే కథకు ఇరుసు దొరికినట్లే. 1910లో వెలువడిన గురజాడ కథ ‘దిద్దుబాటు’ రాత్రి పొద్దుపోయి ఇల్లు చేరిన భర్త పిలుపుతోనే మొదలవుతుందని చూపినప్పుడు, ఉపోద్ఘాతం లేకుండానే కథ నడుస్తుందని వారికి నమ్మకం కలిగింది.

విశేషణాలను కొట్టివేయించడం కంటే, కోపం అనే మాట వాడకుండా కోపంలో ఉన్న తాతయ్య అన్నం తినే తీరు రాయమనడం ఎక్కువ ఫలించింది. ఎర్ర సిరాతో అక్షరదోషాలు దిద్దడాన్ని చివరి ప్రతి వరకు వాయిదా వేశాను; తల్లిదండ్రులలో కొందరికి అది ఇప్పటికీ నచ్చదు.